రిలీవర్ రాని మధ్యాహ్నం

గోడ గడియారం రెండు దాటింది. రిలీవర్ రాలేదు. రాదని వదినకి పొద్దున డ్యూటీ ఎక్కినప్పుడే తెలుసు, అయినా ఆ రెండు రెక్కల తలుపు కిర్రుమన్నప్పుడల్లా మెడ దానంతటదే అటు తిరుగుతోంది, తిరిగినందుకు ఆ మెడ మీద ఒళ్ళు మండుతోంది. ఒకసారి చెత్తబుట్టల్లో సంచులు మార్చే మనిషి, ఒకసారి ల్యాబ్‌కి రక్తం పట్టుకెళ్ళే మనిషి, ఒకసారి ఉత్త గాలి. గాలే నయం, దానికి రావడం పోవడం రెండూ తెలుసు. వదినకి రావడం ఒక్కటే తెలుసు. పోవడం నర్సింగ్ స్కూల్లో నేర్పలేదు. డ్యూటీ అయిపోగానే షట్టర్ దించేసి పోవడానికి ఇదేం బట్టల కొట్టా? తర్వాతి డ్యూటీ నర్సు, అదే రిలీవర్, రావాలి, మంచం మంచం దగ్గరా ఇద్దరూ నిలబడాలి, ఈవిడకి తెల్లవారుజామున జ్వరం, ఆయనకి పొద్దున్నుంచి మూత్రం సరిగ్గా లేదు, ఈయన మాత్ర నాలుక కింద దాచుకుని తర్వాత దుప్పట్లో ఉమ్మేస్తాడు నోరు తెరిపించి చూడు, అని ఒక్కొక్కరినీ అవతలి మనిషి చేతిలో పెట్టాలి. హ్యాండోవర్. అది అయ్యాకే చెప్పులు మార్చుకోవడం. పొయ్యి మీద పాలు పెట్టి, చూసుకోమని ఎవరికీ చెప్పకుండా వీధిలోకి నడిచిపోయే ఆడమనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉండదు. ఉండదని కంపెనీ వాళ్ళకి తెలుసు. అదీ మంట.

మూడింటికి కార్మిక శాఖ ఆఫీసులో చిన్నదాని విచారణ. చిన్నదంటే హాస్టల్ గదిలో పై మంచం మీద పడుకునే నర్సు. ఇద్దరూ ఒకే విమానంలో ఈ దేశం వచ్చారు. ఆ విమానంలో సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక ఆ పిల్ల నడుముకి ముడి వేసుకుంటుంటే చూడలేక వదిన కసిరి పెట్టింది, "అచ్చం మా వదిన తిట్టినట్టే ఉందండీ" అని మురిసిపోయి ఆ పిల్ల అప్పటికప్పుడు వరస కలిపేసింది, దిగేసరికి హాస్టల్ మొత్తానికీ ఈవిడ వదిన అయి కూర్చుంది. తిట్టించుకుని చుట్టరికం కలుపుకునే రకం ఆ పిల్ల. అలాంటిది డ్యూటీ మధ్యలో రోగుల్ని గాలికి వదిలేసి పారిపోయిందని, వీళ్ళని ఇక్కడికి తెచ్చి పనిలో పెట్టిన కంపెనీ ఫిర్యాదు చేసింది. ఆఫీసరు నమ్మితే లైసెన్సు రద్దు. లైసెన్సు రద్దయితే ఈ దేశంలోనే కాదు, ఏ దేశంలోనూ థర్మామీటర్ కూడా ముట్టుకోనివ్వరు. పారిపోలేదని చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆ ఒక్కతే ఇక్కడ తలుపుకేసి చూస్తూ నిలబడి ఉంది. సాక్షిని బంధించాలంటే వాళ్ళకి గది అక్కర్లేదు, తాడు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఇంకో నర్సుని పంపకుండా ఊరుకుంటే చాలు.

మళ్ళీ ఫోను చేసింది. కంపెనీ ఆఫీసులో ఫోనెత్తే గుమాస్తా గొంతులో ఏ వేళప్పుడైనా అప్పుడే నిద్రలేచిన తీరు. "రిలీవర్ దారిలో ఉంది మేడమ్." "ఏ దారిలో బాబూ?" "దారిలోనే మేడమ్." భోజనాల ముందు చేసినప్పుడూ దారిలోనే ఉంది. ఇంతసేపు దారిలో ఉందంటే ఆ మహాతల్లి సముద్రం మీద కాలినడకన వస్తూ ఉండాలి. తప్పు తనదే, పూర్తిగా తనదే, వారం ముందే వెళ్ళి మర్యాదగా చెప్పుకుంది, ఫలానా రోజు ఫలానా వేళకి విచారణ ఉందండీ, కాస్త రిలీవర్‌ని ఆలస్యం చేయకండీ అని. మర్యాద! పుట్టినప్పటినుంచీ ఈ మర్యాద ఒకటి పట్టుకుని పీడిస్తోంది. దొంగకి నాకు ఎప్పుడు నిద్ర పడుతుందో చెప్పి, ఆ వేళకి రావద్దు నాయనా అని బతిమాలినట్టుంది. కిటికీ పక్క మంచం మీది ముసలాయన చెయ్యి ఊపాడు, దిండు ఎత్తు చాలలేదట. సర్దింది. ఈయనకి జడ్జిగారని పేరు పెట్టింది తనే, టీ చల్లారినా, కిటికీ తెర వంకరగా ఉన్నా, పక్క మంచం వాడు గురక పెట్టినా తీర్పు చెప్పేస్తాడు. ఇప్పుడు తన మొహం చూసి, ఇవాళ నీకు వేళ మించిపోయినట్టుందే అన్నాడు ఇక్కడి భాషలో. అవునన్నట్టు నవ్వింది. ఈ నవ్వు కూడా డ్యూటీలో భాగమే, దీనికీ వేళ మించిపోయింది, దీన్ని కూడా మొహం మీంచి దించుకోవడానికి లేదు.

చిన్నది పారిపోయిందంటున్న ఆ రోజు కూడా ఇంతే. నడవాకి అవతలి వార్డులో చిన్నది ఒక డ్యూటీ చేసింది, రిలీవర్ రాలేదు, దాని మీద ఇంకోటి చేసింది, రాలేదు, మూడోది మొదలయ్యాక మందు సీసా మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయని గోడ పట్టుకుని నడుచుకుంటూ వదిన వార్డులోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వదినా, నాకు కళ్ళు ఆనట్లేదు. ఎవరికైనా తప్పు మందు ఇచ్చేస్తానేమోనని భయంగా ఉంది" అంది. ఒళ్ళు తూలిపోతోందని కాదు, పడిపోతానని కాదు, ఎవరికో తప్పు మందు పడుతుందని భయం. దాన్ని నడవాలో తలుపుల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడితే కళ్ళు మూసుకునే మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా అప్పగించింది, సెలైన్ ఎవరిది ఎంతలో ఉంది, ఎవరు అన్నం ముట్టలేదు, ఎవరి కొడుకు సాయంత్రం వస్తానన్నాడు, ఒక్కటి మరిచిపోలేదు. అంతా విని వదిన ఒకే ఒక్క ప్రశ్న వేసింది, చివరి మంచం ఆవిడకి ఇన్సులిన్ అయిందా అని. అయింది వదినా అంది. అంతే. విని, అడిగి, జవాబు తీసుకున్నాక ఇక ఆ వార్డు తీసుకున్నవాళ్ళది. ఇది చట్టం పుస్తకంలో ఉందో లేదో తెలియదు, నర్సులందరి ఒంట్లోనూ ఉంది. ఆ పూటంతా రెండు వార్డుల మధ్యా కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగింది వదిన. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే తప్పయిపోయింది, అయి ఉంటే ఆ రోజే అందరూ పరిగెత్తుకొచ్చి అడిగేవాళ్ళు, అన్నీ అప్పుడే తేలిపోయేవి. కొన్నాళ్ళు పోయాక చిన్నది ఇక నా వల్ల కాదు, ఇంకో ఆస్పత్రి చూసుకుంటాను అంది. అప్పుడు కంపెనీకి ఆ రోజు గుర్తొచ్చింది. ఎంత జ్ఞాపకశక్తో! రిలీవర్ని పంపాలని గుర్తుండదు గానీ, పంపని రోజున ఎవరు కళ్ళు తిరిగి కూర్చున్నారో గుర్తుంటుంది.

అంతా అక్క నేర్పు. అక్క అంటే కంపెనీ తరఫున నర్సులందరి మీదా పెద్ద, వీళ్ళని ఏరి తెచ్చింది కూడా ఆవిడే. అప్పట్లో ఒక హోటల్ హాల్లో ఇంటర్వ్యూకి పిలిచి, బిస్కెట్లు పెట్టి, మేడమ్ అనొద్దమ్మా, అక్కా అనండి, నేనూ మీలాగే చేతి సంచితో వచ్చినదాన్నే అంది. ఎంత హాయిగా అనిపించిందని! జీతం పెంచమని మేడమ్‌ని అడగొచ్చు, సెలవు ఎందుకివ్వవని మేడమ్‌తో గొడవ పడొచ్చు, అక్కని ఏమడుగుతాం? అడిగితే, అక్కనే అడుగుతున్నావా తల్లీ అని కళ్ళు పెద్దవి చేస్తుంది. మనదంతా ఒక కుటుంబం అంది ఆ రోజే. ఆ ముక్క వినగానే లేచి వచ్చేయాల్సింది. ఇన్నేళ్ళుగా ఒక కుటుంబంలో కోడలిగా ఉంటూ, కుటుంబం అని ఎవరైనా నొక్కి చెప్పారంటే ఆ తర్వాత వచ్చేది గిన్నెలు తోమే పనేనని తెలిసి కూడా ఎలా పడిపోయింది? ఇంటి నుంచి ఫోనులో మొగుడు కూడా అదే పాట, అక్కతో పేచీ ఎందుకు, ఎంతైనా మనవాళ్ళు కదా అని. మనవాళ్ళు. మనవాళ్ళు కాబట్టే కదా ఎక్కడ నొక్కితే మనం కిక్కురుమనమో వాళ్ళకి తెలిసింది. ఇంత చెప్పి చివర్లో, అది సరేగానీ కుక్కర్ మూత రబ్బరు ఎక్కడ పెట్టావు అన్నాడు. ఇన్ని దేశాలు దాటి వచ్చినా వంటింట్లోంచి తనకి రిలీవర్ లేదు.

ఇంటర్వ్యూలో అక్క వేసిన ప్రశ్న ఒకటి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఇంజెక్షన్ల గురించి కాదు, మందుల గురించి కాదు, అవన్నీ వేరే ఎవరో అడిగారు. అక్క తల పక్కకి వాల్చి, ప్రేమగా, "నీ డ్యూటీ అయిపోయింది, రిలీవర్ రాలేదు. ఏం చేస్తావమ్మా?" అంది. వదిన నిటారుగా కూర్చుని, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా, "వచ్చేదాకా ఉంటానక్కా" అంది. అక్క కళ్ళు మెరిశాయి. అబ్బ, నచ్చానని ఎంత పొంగిపోయింది! వదిన కంటే ముందు ఒక పొడుగాటి అమ్మాయి లోపలికి వెళ్ళింది, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ నవ్వింది, "రిలీవర్ని పంపడం మీ పని కదండీ, నన్నడుగుతారేంటి అన్నాను" అని. పాపం ఈ పిల్లకి ఉద్యోగం రాదు అని జాలిపడింది వదిన. నిజంగానే రాలేదు. ఉంటాను అన్నవాళ్ళనే ఏరుకున్నారు, సంతలో తన్నని గేదెని ఏరుకున్నట్టు. తమలో మంచి అనుకున్నదాన్నే చూసి, అందుకే తెచ్చుకుని, అక్కడే కట్టేశారు. ఆ పొడుగాటి అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో, ఏ ఊళ్ళో ఉందో, మధ్యాహ్నం డ్యూటీ దిగి ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటుంది, ఆ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

జేబులో ఫోను వణికింది. చిన్నది. వదినా బయల్దేరావా. జవాబు రాయలేదు. ఏమని రాస్తుంది, దారిలో ఉన్నాననా? పోతే ఏమవుతుంది? ఆ తలుపు తోసుకుని పోతే? అనుకుని నిజంగానే తలుపు దాకా వెళ్ళింది, అరచెయ్యి రెక్క మీద ఆనించింది, చల్లగా ఉంది రేకు, ఒక్క తోపు చాలు, అవతల మెట్లు, మెట్ల కింద వీధి, వీధి చివర బస్సు. ఆ తోపుతో కంపెనీ ఫిర్యాదు నిజమవుతుంది, చిన్నదాని మీద కాదు తన మీద. అప్పుడు రోగుల్ని వదిలేసిన మనిషి వచ్చి రోగుల్ని వదల్లేదని సాక్ష్యం చెబుతుంది, ఆఫీసరు నవ్వి పోతాడు. అదీ కాక వెనక గంట మోగింది. మంచాల పక్కన నొక్కే గంట, సన్నగా, పిల్లి కూన అరిచినట్టు. చెయ్యి రెక్క మీంచి దానంతటదే జారిపోయింది. వెళ్ళింది. నడుం నొప్పి ఆవిడకి పక్కకి తిరగాలట. తిప్పింది, వీపు కింద దిండు పెట్టింది, ఏమీ ఎరగని ఆ ముసలావిడ మీద కూడా క్షణం పాటు కోపం పొంగింది, ఆ కోపం వచ్చినందుకు కంపెనీ మీద ఇంకో బిందెడు పొంగింది. నన్ను ఇలా చేశార్రా మీరు. దిండు సర్దే చేత్తో ఎవరి పీకో పిసకాలనిపించేలా చేశారు.

అప్పుడు వచ్చింది అక్క. రిలీవర్ కాదు, అక్క. చేతిసంచి మోచేతికి తగిలించుకుని, సెంటు వాసన ముందు నడుస్తుంటే వెనక తను నడుస్తూ, ఒంటరిగా. బోనులో పడ్డదో లేదో చూసుకోవడానికి వచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా తల్లీ? అయ్యో. రిలీవర్‌కి ఒంట్లో బాలేదట, ఇప్పుడే తెలిసింది. ఏం చేస్తాం చెప్పు, రోగుల్ని వదిలి పోలేం కదా."

"పోలేం అక్కా."

"అదీ. నీ మీద నాకున్న నమ్మకమే అది. ఆ చిన్నదానిలా కాదు నువ్వు."

వదినకి ఏదో అనాలనుంది, చాలా అనాలనుంది, నెలల తరబడి కూడబెట్టిన తిట్లున్నాయి, ఒక్కటీ రాలేదు. నోటికి అలవాటైనది ఒక్కటే బయటికొచ్చింది, అదీ ఇక్కడి భాషలో, మంచాల దగ్గర రోగుల ముందు మాట్లాడే భాషలో. మొదటి మంచం, ఆపరేషన్ అయి రెండో రోజు, పొద్దున డ్రెస్సింగ్ మార్చాను, కాస్త తడి ఉంది. ఎందుకు మొదలుపెట్టిందో తనకే తెలియదు, ఎదురుగా ఒక నర్సు నిలబడి ఉంది, వేళ మించిపోయింది, నోరు దాని పని అది చేసుకుపోయింది. అక్క కనుబొమలు ముడేసింది. ఆ చూపు తన మొహం మీంచి దిగి మంచం మీదికి వెళ్ళింది. ఇక్కడే జరిగింది ఆ తప్పు, నర్సు అయినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు.

"తడి అంటే? ఏ రంగు?" అంది అక్క.

ఇక్కడి భాషలోనే అంది. చేతిసంచి కుర్చీలో పెట్టి, వంగి, దుప్పటి అంచు ఎత్తి చూసింది. ఎన్నేళ్ళయిందో ఈవిడ వార్డు వదిలి! లైసెన్సు మటుకు ఏటేటా తాజా చేయించుకుని ఆఫీసు గోడకి పటం కట్టించుకుంది, వచ్చినవాళ్ళందరూ చూడాలని. అడిగిందంటే తీసుకుంటోందన్నమాట అని వదినకి అప్పుడు తట్టింది. పసుపు, వాసన లేదు, అని చెప్పింది. రెండో మంచానికి నడిచింది. అక్క కూడా నడిచింది. ఈవిడకి మింగుడు పడదు, నీళ్ళు చిక్కగా చేసి ఇవ్వాలి. చివరిసారి ఎప్పుడు తాగింది? ఇందాకే, అరగ్లాసు. జడ్జిగారు మాత్రం ఎవరీవిడ అన్నట్టు తీర్పు చెప్పే కళ్ళతో చూశాడు, పొద్దున బీపీ ఎక్కువుంది, మళ్ళీ చూడాలి అంది వదిన, అక్క ఆయన మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూసుకుంటూ నాడి లెక్కపెట్టింది. ఆ వేళ్ళు! మణికట్టు మీద వాలడంలోనే తెలుస్తోంది, ఒకప్పుడు ఎంత మంచి నర్సో. అది చూసి కోపం చల్లారాలి, చల్లారలేదు, రెట్టింపయింది. తెలియనివాళ్ళు చేస్తే తెలియదనుకోవచ్చు. ఈ వేళ్ళకి అన్నీ తెలుసు. తెలిసే కట్టేసింది. ఇప్పుడు వదిన గొంతులో వణుకు లేదు, తొందర లేదు, ఒక్క మంచం వదల్లేదు, ఒక్క మాత్ర వదల్లేదు, ఇంత శ్రద్ధగా జన్మలో ఎప్పుడూ అప్పగించలేదు. చివరి మంచం దగ్గర అక్క అడిగింది, "ఈయనకి సాయంత్రం ఇంజెక్షన్ ఎన్నింటికి?"

వదిన చెప్పింది. చెప్పి, మందుల బీరువా తాళాలు తీసి అక్క అరచేతిలో పెట్టింది. ఆ చెయ్యి అలవాటు కొద్దీ అందుకుంది, అందుకుని మూసుకుంది, మూసుకున్నాక మొహం మారింది.

"ఏయ్. ఇదేంటి?" ఈసారి తెలుగులో.

"హ్యాండోవర్ అయిపోయింది అక్కా."

"పిచ్చా నీకు? నేనెందుకు తీసుకుంటాను? నేను చూడ్డానికి వచ్చాను."

"తీసుకున్నారు. మంచం మంచం దగ్గరా అడిగి తీసుకున్నారు. అందరూ విన్నారు." వినలేదని చెప్పడానికి లేదు, కళ్ళన్నీ ఇటే ఉన్నాయి, జడ్జిగారు అప్పుడే దిండు మీద ఇంకాస్త పైకి జరిగి కూర్చున్నాడు.

"ఒక్కదాన్నే ఇంతమందిని ఎలా చూడను?" అక్క గొంతు పలచబడింది. "నాకు ఆఫీసులో మీటింగు ఉంది. వదినా, నా మాట విను." ఇన్నాళ్ళూ తల్లీ, అమ్మాయ్, నువ్వు. ఇవాళ వదిన.

"వినేదాన్నే. వేళ మించిపోయింది" అని తలుపు తోసింది వదిన.

నడవాలో నాలుగడుగులు వేసిందో లేదో లోపల గంట మోగింది. అడుగు ఆగిపోయింది. ఒంట్లో నరాలన్నీ వెనక్కి లాగాయి, వెళ్ళు, వెళ్ళు, ఎవరో పిలుస్తున్నారు. వెళ్ళలేదు. గోడకి చెయ్యి ఆనించి వింది. గంట మోగుతూనే ఉంది. మోగుతూనే ఉంది. అప్పుడు ఎత్తుమడమల చప్పుడు, మొదట తటపటాయిస్తూ, తర్వాత గబగబా, తర్వాత చెప్పులు విసిరేసినట్టున్నాయి, వట్టి పాదాలు నేల మీద పరిగెత్తాయి. గంట ఆగింది.

వదిన మెట్లు దిగింది. దిగుతూనే ఫోను.

"వదినా! పిలుస్తున్నారే! కంపెనీ లాయరు అప్పుడే వచ్చి నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడున్నావు?"

"వస్తున్నాను. పక్కవాళ్ళది ముందు వినమని చెప్పి కాసేపు ఆపు."

"నేనెలా ఆపనే? ఏమని ఆపను?"

"ఏడు. ఊరికే ఏడిచే దానివి కదా, పనికొచ్చేప్పుడు ఏడు."

వీధిలో ఎండ మొహాన కొట్టింది. బస్సు మలుపు తిరుగుతోంది, దాని వెంట పడింది, డ్యూటీ చెప్పులతోనే, మార్చుకోవడం మరిచిపోయింది. ఎక్కి కడ్డీ పట్టుకుంది. వారం రోజులుగా ఆఫీసరు ముందు చెప్పాల్సిన వాక్యాలు ఇక్కడి భాషలో వల్లె వేసుకుంది, దయచేసి, మీ అనుమతితో, నా మనవి ఏమిటంటే, అని మొదలయ్యే వాక్యాలు. గుర్తు తెచ్చుకోబోయింది. ఒక్కటీ రాలేదు. దయచేసి పోయింది, మనవి పోయింది, అనుమతి ఎక్కడో మెట్ల మీదే జారిపోయింది. ఆ రోజు ఆ వార్డు నేను తీసుకున్నాను, మీరు ఎవరినీ పంపలేదు. ఇంతే మిగిలింది. ఇంకోసారి పైకే అని చూసుకుంది, వ్యాకరణం సరిపోయిందో లేదో గానీ ఎదురు సీట్లోని మనిషి ఉలిక్కిపడి లేచి సీటిచ్చాడు. వదిన కూర్చోలేదు.